మేడమీద చల్లదనం ఏమైంది?

వాతావరణ మార్పు అన్న మాట మన మధ్యతరగతి కుటుంబాలలో వినని వారు లేరు. కానీ దానిని గురించి ఇంటిలో మాట్లాడుకునేవారు మాత్రం బహు అరుదు. టెలివిజన్‌లో ధ్రువప్రాంతపు మంచు కరగడం చూపిస్తారు. ఏవో అంకెలు చదువుతారు. చూసినవారు ఒక నిట్టూర్పు విడిచి భోజనానికి లేస్తారు. ఈ నిర్లిప్తతకు ప్రజల అజ్ఞానమే కారణమని కొందరు విజ్ఞులు భావిస్తారు. చెప్పేవారి పద్ధతిలోనే లోపమున్నదని నా అభిప్రాయం.

ఇది నాకు అనుభవంలో తెలిసివచ్చిన సంగతి. కొన్నేళ్ల క్రితం ఒక వేసవిలో మా కాలనీ మహిళలు ఆరోగ్య విషయాలు చెప్పమని నన్ను ఆహ్వానించారు. నేను ఉత్సాహంకొద్దీ బొగ్గుపులుసు వాయువును గురించి, అంతర్జాతీయ ఒప్పందాలను గురించి అరగంటసేపు ఉపన్యసించాను. శ్రోతలు మర్యాదగా విన్నారు. కొందరు మర్యాదగానే కునికిపాట్లు పడ్డారు. చివరకు ఒక వృద్ధురాలు, "డాక్టరుగారూ, మా చిన్నతనంలో వైశాఖమాసంలో కూడా డాబా మీద నీళ్లు చల్లి పక్కలు వేసుకుంటే తెల్లవారుజామున దుప్పటి కావలసి వచ్చేది. ఇప్పుడు అర్ధరాత్రి దాటినా గచ్చు సెగలు కక్కుతూనే ఉంటుంది. మీరు చెప్పేది దీన్ని గురించేనా?" అని అడిగారు. కునుకు తీస్తున్నవారు కూడా తలలెత్తారు. ఆపైన గంటసేపు వారే మాట్లాడారు. నేను విన్నాను.

ఆమె ప్రశ్న నన్ను నేరుగా చరకసంహిత సూత్రస్థానంలోని ఆరవ అధ్యాయానికి తీసుకొనిపోయింది. ఋతుచర్యను వివరించే ఆ అధ్యాయంలో గ్రీష్మంలో మధుర, శీతల, ద్రవ, స్నిగ్ధ ఆహారం సేవించాలని, ఉప్పు, పులుపు, కారం తగ్గించాలని, వ్యాయామం మానాలని చెప్పి, పగలు చల్లని గదిలోను, రాత్రి వెన్నెల చల్లబరచిన మేడమీద గాలి తగిలేచోటను నిద్రించమని విధించారు. రాత్రి అయితే మేడ చల్లబడుతుందన్న నమ్మకం మీద ఆ విధి నిలిచి ఉన్నది. ఆ నమ్మకమే సడలిపోతే మన ఋతుచర్య మాట ఏమిటి? వాతావరణ మార్పును గురించిన సంభాషణ మన ఇళ్లలో ఈ ప్రశ్నతో మొదలుకావాలి.

ఆ వృద్ధురాలికి నేను చెప్పిన సమాధానంలో రెండు భాగాలున్నాయి. మొదటిది మన ఊరు చేసుకున్నది. చెట్లు, చెరువులు పోయి సిమెంటు, తారు వచ్చాయి. అవి పగలంతా వేడిని పీల్చుకుని రాత్రంతా వదలుతాయి. మన గదిని చల్లబరచే ఏసీ యంత్రం ఆ వేడిని వీధిలోకి నెడుతుంది. రెండవది భూమండలమంతటికీ సంబంధించినది. బొగ్గు, పెట్రోలు, డీజిలు మండించినప్పుడు వెలువడే బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డై ఆక్సైడ్, భూమికి దుప్పటి వంటిది. యంత్రయుగానికి పూర్వం గాలిలోని ప్రతి పది లక్షల భాగాలలో ఇది సుమారు 280 భాగాలుండేది. నేడు 420 దాటింది. దుప్పటి మందమైతే లోపలి వేడి బయటకు పోవడం తగ్గుతుంది.

"ఒకటి రెండు డిగ్రీలకే ఇంత గగ్గోలా?" అని అడిగేవారికి జ్వరం ఉదాహరణ చెప్పవచ్చు. మన శరీరపు సహజమైన వేడి సుమారు 37 డిగ్రీల సెల్సియస్. అది 38.5కు చేరితే, ఫారన్‌హీటులో 101 దాటితే, ఏ తల్లీ "ఒకటిన్నర డిగ్రీలే కదా" అని ఊరుకోదు. యంత్రయుగానికి పూర్వపు సగటు కంటే 2024 సంవత్సరంలో భూమి సగటు వేడి సుమారు ఒకటిన్నర డిగ్రీలు అధికంగా నమోదైంది. శరీరానికి, భూమికి పోలిక పూర్తిగా సరిపడదు. అయినా చిన్న అంకెను చులకన చేయరాదని గ్రహించడానికి ఈ పోలిక చాలు.

ఇట్లా మాట్లాడేటప్పుడు రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది, ప్రతి కీడునూ వాతావరణ మార్పుకు అంటగట్టరాదు. 2021లో తెలంగాణలో వేపచెట్లు పెద్ద ఎత్తున ఎండినప్పుడు జనం రకరకాలుగా చెప్పుకున్నారు. వ్యవసాయ శాస్త్రజ్ఞులు శిలీంధ్రం వలన వచ్చే తెగులును గుర్తించారు. తెలియకుండా ఒక కారణం అంటగడితే రేపు మన నిజమైన మాటను కూడా ఎవరూ నమ్మరు. రెండవది, "మన ఋషులు అన్నీ ముందే చెప్పారు" అని గర్వించి ఊరుకోరాదు. బొగ్గు పొగను గురించి చరకుడు వ్రాయలేదు. ఆయన మనకు ఇచ్చినది ఆలోచించే మార్గం.

ఆ మార్గం విమానస్థానం మూడవ అధ్యాయంలో కనిపిస్తుంది. దాని పేరు జనపదోద్ధ్వంసనీయం. పాంచాల దేశపు కాంపిల్య నగరం వద్ద, గంగాతీరంలో, ఆత్రేయుడు శిష్యుడైన అగ్నివేశునితో సంభాషిస్తాడు. మనుషుల ప్రకృతులు, ఆహారాలు, వయస్సులు వేరువేరైనా ఊళ్లకు ఊళ్లు ఒకేసారి ఎందుకు రోగగ్రస్తమవుతాయన్నది అక్కడి ప్రశ్న. అందరికీ సమానమైన గాలి, నీరు, నేల, కాలం వికృతి చెందడమే కారణమని సమాధానం. వాటి వికృతికి మూలం అధర్మమని, పాలకులది, ప్రజలది కూడా అందులో పాత్ర ఉంటుందని అక్కడ చెప్పారు. నాకు బోధపడినది ఇది: ఒక్కరి పథ్యంతో తీరే వ్యాధి వేరు, ఊరంతటి వ్యాధి వేరు. రెండవదానికి మజ్జిగ మాత్రమే మందు కాజాలదు.

ఈ మాట గృహవైద్యం పత్రికలో వ్రాయడానికి నేను సంకోచించడం లేదు. 2015 మే నెల వడగాడ్పులకు దేశంలో రెండు వేలమందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలవారే. పలచని మజ్జిగ, రాగి అంబలి, సబ్జా నీరు, సుగంధిపాల షర్బతు, శ్రీరామనవమి పానకం దాహాన్ని, బడలికను తీర్చడానికి మంచివే. (మధుమేహం ఉన్నవారు బెల్లం, పంచదార విషయంలోను, రక్తపోటు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు ఉప్పు, ద్రవాల విషయంలోను వైద్యుని సలహా పాటించాలి.) కానీ జేబులో పెట్టుకున్న ఉల్లిపాయ వడదెబ్బను ఆపదు. ఎండలో మాట తడబడినా, స్పృహ తప్పినా అది ప్రాణాపాయం. వెంటనే 108కి ఫోను చేసి, మనిషిని నీడకు చేర్చి, ఒంటిమీద చల్లని నీరు పోస్తూ విసరాలి. స్పృహ లేనివారి నోటిలో ఏదీ పోయరాదు.

సామాన్యుని భాషలో చెప్పిన హెచ్చరిక ఎట్లా ఉండాలో అహ్మదాబాదు నగరం చూపింది. 2010 మే నెలలో అక్కడ తీవ్రమైన ఎండలకు సాధారణం కంటే వేయికి పైగా అధిక మరణాలు సంభవించాయి. 2013లో ఆ నగరం వేడిని ఎదుర్కొనే ప్రణాళిక అమలులోకి తెచ్చింది. రేపటి ఎండ తీవ్రతను రంగులతో సూచించి, ఏ రంగుకు ఏమి చేయాలో ప్రజలకు చెప్పడం, ఆరోగ్య సిబ్బందికి శిక్షణ ఇవ్వడం అందులోని అంశాలు. ఎరుపు అంటే ఏమిటో చదువురానివారికి కూడా తెలుస్తుంది.

మనకూ అటువంటి భాష ఉన్నది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత ఉన్నది. మృగశిర రాగానే చల్లబడుతుందన్న ఆశ ఉన్నది. మామిడిపూత, వేపపూత, తొలకరి ఉన్నాయి. ఈ సంవత్సరం నుండి గోడ కాలెండరు పక్కన ఒక నోటుపుస్తకం వేలాడదీయండి. వేపపూత ఎప్పుడు వచ్చిందో, తొలివాన ఏ కార్తెలో పడిందో, ఏ రాత్రి ఉక్కపోతకు నిద్ర పట్టలేదో పిల్లలచేత వ్రాయించండి. ఇంటిలోని పెద్దవారు తమ చిన్ననాటి వేసవి చెప్పాలి. ఒక ఇంటి పుస్తకం శాస్త్ర నిరూపణ కాదు, కానీ మాట ప్రారంభించడానికి అంతకంటే మంచి సాధనం లేదు.

మాట పనితో ముగియాలి. ఇంటిపనికి వచ్చే ఆమెను మధ్యాహ్నం బదులు ఉదయం రమ్మనవచ్చు. పక్క స్థలంలో ఇల్లు కడుతున్న కూలీలకు నీడ, నీరు ఉన్నాయో లేదో చూడవచ్చు. నలుగురూ కలిసి చలివేంద్రం పెట్టవచ్చు. డాబాకు తెల్లని సున్నం వేస్తే ఎండ కొంత వెనుకకు మరలుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానాన్నే ప్రకటించింది. ఇవి వేడి నుండి రక్షణ మాత్రమే. దుప్పటి పలచబడాలంటే బొగ్గు మండించడం తగ్గాలి. మన విద్యుత్తులో అధికభాగం నేటికీ బొగ్గు నుండే వస్తున్నది. కనుక ఓటు అడగవచ్చిన అభ్యర్థిని రోడ్డు, కుళాయిలతోపాటు చెరువును గురించి, చెట్లను గురించి, సౌరవిద్యుత్తును గురించి కూడా అడగండి.

ఆనాటి వృద్ధురాలు తన డాబాను గురించి అడిగిన తీరులోనే అడగండి. ఆ భాషలో అడిగితే ఎవరూ అర్థం కాలేదని తప్పించుకోలేరు.