గోల్ఫు ఎవరి ఆట?

గోల్ఫు అనగానే మనవారిలో రెండు విధములైన మాటలు వినబడుచుండును. "అది దొరల ఆట, మనకేల?" అనునది మొదటిది. "పిల్లవాడు పెద్ద ఉద్యోగి అయిన పిమ్మట క్లబ్బులో చేరి ఆడునులే" అనునది రెండవది. మొదటిదానిలో బెదురున్నది, రెండవదానిలో ఆశ యున్నది. కాని రెండును ఒకే అబద్ధమునుండి పుట్టినవి. ఆట ఒక వర్గపు సొత్తని ఇరుపక్షములవారును ఒప్పుకొనుచున్నారు. నేను ఒప్పుకొనను.

ఆ ఆటలో ఏమున్నది? ఒక కర్ర, ఒక బంతి, నేలలో ఒక గుంట. మన తాతలు తెలంగాణమునుండి మూటముల్లెతో తెచ్చిన చిర్రగోనెలో ఏమున్నది? కర్రయే, బిళ్ళయే, గుంటయే. కామాటిపుర గల్లీలలో గోలీని వేలితో మీటి గుంటలో పడవేసిన ప్రతి బాలునకును గోల్ఫులోని సగము రహస్యము తెలిసినట్లే. తక్కిన సగము తెలియకపోవుటకు కారణము బుద్ధి లేకపోవుట కాదు, నేల లేకపోవుట.

పుట్టినచోటనైనను అది దొరల ఆటగా పుట్టలేదు. స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ పట్టణమున ఆ మైదానము ఊరుమ్మడి నేల. 1974లో చేసిన చట్టము ప్రకారము నేటికిని ఒక ధర్మకర్తల సంస్థ దానిని ప్రజల పక్షమున నిర్వహించుచున్నది. లోకమంతయు మ్రొక్కు అచ్చటి ప్రాచీన మైదానములో ఆదివారమునాడు మామూలుగా ఆట ఉండదు. ఆనాడు ఊరివారు పిల్లలతో, కుక్కలతో ఆ పచ్చికపై విహరింతురు. అమెరికాలో న్యూయార్కు నగరము 1895లోనే వాన్ కోర్ట్‌లాండ్ పార్కులో తొమ్మిది గుంటల మైదానమును పౌరులకొరకు తెరచినది. ఆ దేశమున ప్రజల గోల్ఫునకు అదియే తొలి మెట్టు.

తొమ్మిది గుంటల చిన్న మైదానమనగా ఏమో తెలియని పాఠకులకు రెండు మాటలు చెప్పవలెను. పూర్తి ఆటకు పదునెనిమిది గుంటలు, నాలుగు గంటలకు పైగా కాలము, నూరు ఎకరములకు మించిన నేల కావలెను. చిన్న మైదానములో గుంటలు దగ్గరదగ్గరగా ఉండును. ఒక్కొక్క గుంటకు మూడు దెబ్బలు, మొత్తము 27 దెబ్బలలో ముగించుట నేర్పరి లెక్క. రెండు గంటలలో ఆట పూర్తియగును. నాలుగు కర్రలున్న చాలును.

ఉద్యోగ విరమణానంతరము అమెరికాలో మా అమ్మాయి యింట కొంతకాలముండగా, ఆ ఊరి పురపాలక సంఘమువారి ఇట్టి మైదానములో నేను ఆడితిని. కర్రలు అద్దెకిచ్చిరి. సభ్యత్వమడుగలేదు, ఇంటిపేరడుగలేదు. ముందుగా వచ్చినవారు ముందు ఆడుదురు. ఒంటరిగా వచ్చినవానిని మరి ముగ్గురితో జతచేయుదురు. నాకు జతపడినవారు ఒక బస్సు డ్రైవరు, ఒక ముసలి నర్సు, ఆమె మనుమడు. కర్ర దెబ్బకు లేచిన మట్టిపెళ్ళను ఎవరిది వారే తిరిగి పొదుగుదురు. వెనుకవారు త్వరగా ఆడువారైనచో నిలిచి దారి ఇత్తురు. తన దెబ్బల లెక్క తానే వ్రాసికొనవలెను, పైన తనిఖీదారు ఉండడు. జీవితమంతయు లెక్కల పుస్తకములతో గడపిన నాకు ఈ చివరి నియమము మిక్కిలి నచ్చినది. ఇంత మర్యాదను నేర్పు ఆటను కొద్దిమంది పిల్లలకే నేర్పుట ఏమి న్యాయము?

ఇక బొంబాయి సంగతి. ఇచ్చట గోల్ఫు క్లబ్బు 1842లోనే వెలసినది. 1918లో గవర్నరు విల్లింగ్డన్ ప్రభువు భారతీయులకును ఐరోపావారికిని సమానముగ ప్రవేశముండవలెనని తన పేరిట క్లబ్బును స్థాపించెను. ఆనాటికది గొప్ప కార్యమే. తోలు రంగు గోడ కూలినది, కాని డబ్బు సంచి గోడ నిలిచినది. చెంబూరులో 1927 నాటి ప్రెసిడెన్సీ గోల్ఫు క్లబ్బున్నది. దాని చుట్టుపట్ల బస్తీలలోని కేడీ కుర్రవాండ్రు వంచిన ఇనుపకమ్మీలతో, ప్లాస్టికు బంతులతో సందులలో గోల్ఫు ఆడుకొనిన వార్తలను, ఛాయాచిత్రములను లోకము చూచినది. చూచినవారు ముచ్చటపడిరి. నాకు సిగ్గు కలిగినది. పొద్దంతయు పరుల సంచి మోసిన వానికి, ఆ పచ్చికపై తన బంతిని తాను కొట్టుకొను హక్కు ఎందులకుండరాదు? ఢిల్లీలో కేడీగా బ్రతుకు ప్రారంభించిన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచెను. దానిని గెలిచిన తొలి భారతీయ వృత్తి క్రీడాకారుడాయనయే. ప్రతిభ గోడకు ఏవైపున ఉన్నదో ఇంకను చెప్పవలెనా?

ఇందుకు ఒక బలమైన ఆక్షేపణ కలదు. "పిల్లలకు క్రికెట్టు ఆడుకొన చోటులేని నగరములో గోల్ఫునకు నేల అడుగుట విలాసము కాదా?" అని కొందరందురు. ఈ ప్రశ్న న్యాయమైనదే. కామాటిపుర పునర్నిర్మాణ పథకములో చేరిన గల్లీలన్నియు కలిపి సుమారు 34 ఎకరములు. వేలాది కుటుంబముల కాపురములు, దుకాణములు, గుళ్ళు, బళ్ళు అందులోనే. అట్టి ఊర్లు మూడు చేర్చిననే ఒక పూర్తి గోల్ఫు మైదానమగును. అందుచేతనే నేను కొత్తగా ఒక్క గజము నేల అడుగుటలేదు. ఉన్న పచ్చిక తలుపు తీయుమనుచున్నాను.

ఇది అసాధ్యము కాదు. మహాలక్ష్మి గుర్రపు పందెముల మైదానపు కౌలు 2013లో ముగిసినది. 2024లో కుదిరిన ఏర్పాటు ప్రకారము అందులో 120 ఎకరములు ప్రజల ఉద్యానమునకై నగరపాలక సంస్థకు చెందుటకును, 91 ఎకరములు పందెముల క్లబ్బునకు మిగులుటకును నిశ్చయమైనది. నూరేండ్ల గోడ కదలినది. అటులనే, ప్రభుత్వమునుండిగాని నగరపాలక సంస్థనుండిగాని కౌలునకు పొందిన నేలపై గోల్ఫు నడపు ఏ క్లబ్బైనను, వారమున కొక ఉదయము తొమ్మిది గుంటలను పౌరులకు విడువవలెను. రుసుము సినిమా టిక్కెట్టును మించరాదు. కర్రలు అద్దెకీయవలెను. నేర్పుపని కేడీలకు అప్పగించి తగిన కూలి ఈయవలెను. ఈ షరతులు కౌలు పత్రములోనే వ్రాయవలెను. దయగా ఇచ్చినది దయ తప్పగానే పోవును, పత్రములోనున్నది నిలుచును.

ఇది బిచ్చము కాదు. హార్న్‌బీ గవర్నరు కాలమున 1784 నాటికి వర్లీ గండికి కట్ట పడినపిమ్మటనే ఈ పల్లపు భూములు నివాసయోగ్యములైనవి. అటుపిమ్మట వచ్చిన మన కామాటీలు తట్టమోసి, రాయిపేర్చి, ఈ నగరమును నిలువబెట్టిరి. కామాటిపుర అనగానే పెదవి విరుచువారు నివసించు మేడల పునాదులలో మనవారి చెమట యున్నది. ఆ చెమటకు వారమున కొక ఉదయపు పచ్చిక అధికమైన వెలయా?

తుదకు మనవారితో ఒక మాట. దాదరులోని ఆంధ్ర మహాసభ పేరులో జింఖానా అను మాట ఊరకనే చేరలేదు. భాషతోపాటు ఆటయు సంఘజీవనమునకు అవసరమని పెద్దలు తలచిరి. నేడు మన సంఘములు సన్మానములకు, శాలువలకు వెచ్చించు ధనములో పదవ వంతు పిల్లల ఆటలకు వెచ్చించుచున్నవా? ఖార్ఘరు లోయలో సిడ్కో సంస్థ ఏర్పరచిన గోల్ఫు మైదానములో రుసుము చెల్లించి ఎవరైనను ఆడవచ్చును. ఒక ఆదివారము మన చాళ్ళ పిల్లలను, ఆడపిల్లలను సైతము, బస్సెక్కించి అచ్చటికి గొనిపోవుడు. కర్ర చేతికీయుడు. తలుపు తీయుమని మహజరు వ్రాయవలసివచ్చినచో, ఆ ఆట ఆడి వచ్చినవారి చేవ్రాళ్ళే అందు మొదట నుండవలెను.