దాచినవన్నీ ఉన్నట్టేనా?

"ఉన్నాయమ్మా, నా దగ్గర భద్రంగా ఉన్నాయి" అని జవాబు పంపిన తరువాత గాని నేను ఆ దస్త్రాలను తెరిచి చూడలేదు. ఈ టపాకు మూలం ఆ తొందరపాటే.

అడిగినావిడ ఒక తెలుగు పండితుని కుమార్తె. ఆ పెద్దాయన ఉద్యోగ విరమణ తరువాత, 2004–2006 మధ్య, ఒక ఉచిత జాలస్థలిలో సేద్యపు మాటల మీద పదకొండు వ్యాసాలు పెట్టారు. నాగలిలో మేడి ఏది, నొగ ఏది, కర్రు ఏది. మోట తోలేటప్పుడు ఎద్దులను వెనక్కు నడిపించడానికి ఏమని అదిలిస్తారు. కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కొలతను 'ఒకటి' అనక 'లాభం' అని ఎందుకు అంటారు, ఇటువంటివి. పుస్తకాలు చూసి రాసినవి కావు, రైతుల నోట విని రాసినవి. ఆ జాలస్థలి ఎప్పుడో మూతపడింది. ఆయనా కిందటేడు కాలం చేశారు. చేతిరాత ప్రతులు ఇల్లు మారినప్పుడు పాతకాగితాలవాడి బండిలోకి వెళ్ళాయట. మిగిలింది నేను దించుకున్న ప్రతి ఒక్కటే.

నాకు ఇటువంటి ప్రశ్న ఎదురుకావడం పండుగే. 2003 నుంచి దించుకున్నదాన్ని పారవేసి ఎరుగను. ఇంట్లో కంప్యూటరులో ఒక ప్రతి, బీరువాలో విడిగా ఉండే డిస్కులో ఒక ప్రతి, మరో ఊళ్ళో తమ్ముడింట్లో ఒక ప్రతి. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి పరగృహంలో అని ఈ విద్య తెలిసినవారు చెప్పే సూత్రానికి నేను ఇంచుమించు ఉదాహరణప్రాయుణ్ణి. ఆ గర్వంతోనే తెరిచాను. తెర నిండా నెత్తిన చుక్కలూ పక్కన గీతలూ తగిలించుకున్న రోమను అక్షరాల గుంపు. మిగతా రెండు ప్రతులూ తెరిచాను. అక్షరం పొల్లుపోకుండా అదే గుంపు!

ఆ రోజులు ఎరుగని మిత్రుల కోసం కొంచెం వివరం. యూనికోడులో తెలుగు 'క'కు ఒక స్థిరమైన సంఖ్య ఉంది, ఏ యంత్రంలోనైనా అది 'క'యే. అది వాడుకలో స్థిరపడక ముందు మనవాళ్ళు చేసిన పని వేరు. రోమను అక్షరాలకు కేటాయించిన గళ్ళలో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టేవారు. దస్త్రంలో ఉండేది రోమను అక్షరమే, దానికి తెలుగు వేషం వేసేది ఖతి. ఆ వేషం కూడా ఏకఖండం కాదు. తలకట్టు ఒక గడిలో, గుడి ఇంకో గడిలో, ఒత్తులు మరెక్కడో. క్రావడి అక్షరానికి ముందు వస్తుందో వెనక వస్తుందో ఖతి ఖతికీ వేరు. ఖతి పోతే తెలుగు పోయినట్టే. పైగా అప్పట్లో పుటతో పాటు ఖతిని తనంతట దించే ఏర్పాటు ఒకటి ఉండేది. ఆ ఖతిని ఒక జాలస్థలి చిరునామాకే కట్టివేసే వీలు కూడా అందులో ఉండేది. పుటను మన యంత్రంలో దాచుకుంటే మాటలు మిగిలేవి, వాటిని చూపించే కన్ను మిగిలేది కాదు.

పేరున్న పత్రికల ఖతులను యూనికోడులోకి మార్చడానికి 'పద్మ' ఉండేది, మనలో చాలామందిమి దాని ఋణగ్రస్తులమే. మన మంటనక్క 2017 నవంబరులో పాత తరహా పొడిగింపులన్నిటికీ స్వస్తి చెప్పింది. అయినా ఈ పెద్దాయన వాడిన ఖతి ఆ జాబితాలలో దేనిలోనూ నాకు కనబడలేదు.

ఇక నా నేరం ఒప్పుకోవాలి. ఆ ఖతి నా దగ్గర ఉండేది. 'ఖతులు' అని ఒక సంచయమే ఉండేది, అంతా కలిపి పద్నాలుగు ఎంబీలు. 2011లో కొత్త యంత్రం కొన్నప్పుడు, యూనికోడు వచ్చింది కదా, ఈ పీడ వదిలింది అనుకుని నా చేతులతో నేనే చెరిపివేశాను. అదే రోజున ఎనిమిది జీబీల సినిమాపాటలను ముచ్చటగా పాత యంత్రం నుంచి కొత్త యంత్రానికి మోసుకువచ్చాను. వాటిలో ఒక్కటైనా ఈనాడు వెతికితే దొరకనిది లేదు.

ఈ అనుభవం తరువాత నాకు ఒక అభిప్రాయం గట్టిపడింది. పాత దింపుకోళ్ళను భద్రపరచడమంటే ప్రతులు పెంచడం అని మనం అనుకుంటున్నాము, అది సగం పని. తెరిచి చదవలేని దస్త్రానికి మూడు ప్రతులుంటే మూడు చోట్ల అది చదవరానిదిగా ఉన్నట్టు, అంతే. ఏడాదికొకసారి, ఇంట్లో ఊరగాయ జాడీల మూతలు తీసి చూసినట్టు, కొన్నిటినైనా తెరిచి చూడాలి. అది కూడా వాటిని దాచిన యంత్రం మీద కాదు, మరో యంత్రం మీద. మన యంత్రంలో కావలసిన ఖతీ మృదుసాధనమూ ముందే ఉంటాయి కనుక అది మనల్ని మోసం చేస్తుంది.

ఏది ఉంచాలి, ఏది తీసివేయాలి అన్నది ఇంకొక చిక్కు. డిస్కు నిండినప్పుడు మనం పరిమాణం చూసి నిర్ణయిస్తాము. నా లెక్కలో చూడవలసింది పరిమాణం కాదు, మరోచోట దొరుకుతుందా లేదా అన్నది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నుంచి పుటకొక టిఫ్ బొమ్మగా, మూడువందల పుటల పుస్తకానికి మూడువందల దస్త్రాలుగా దించుకున్న రాత్రులు గుర్తున్నాయి. పుస్తకం పేరుకు బదులు ఒక బారుకోడు సంఖ్య ఉండేది, తెరిస్తే గాని అది వంటల పుస్తకమో వ్యాకరణమో తెలిసేది కాదు. ఆ స్థలి తరువాత మూతపడింది గాని, అందులోని పుస్తకాలు చాలామటుకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. వాటికోసం నేను ఇంట్లో వంద జీబీలు కేటాయించనక్కరలేదు అని నిశ్చయించుకుని చాలా తీసివేశాను. అయితే 2024 అక్టోబరులో ఆ ఆర్కైవ్ మీద దాడి జరిగి కొన్నాళ్ళు అందుబాటులో లేకుండా పోయినప్పుడు, తీసివేసినవాటిని తలచుకుని రెండు రాత్రులు నిద్రపట్టలేదన్నది కూడా నిజం. మరునెలలో నాకు మరీ కావలసిన నలభై పుస్తకాలు మళ్ళీ దించుకున్నాను. ఈ విషయంలో నేను స్థితప్రజ్ఞుణ్ణి కాను.

'అంతా మేఘంలో పెట్టేశాను, నాకు దిగులు లేదు' అనే మిత్రులకు ఒక మాట. రెండు యంత్రాలను ఎప్పటికప్పుడు సమానంగా ఉంచే సేవలో, ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. కొద్దిరోజుల గడువులో గమనిస్తే తిరిగి తెచ్చుకోవచ్చు గాని, నా ఖతుల సంగతి నేను గమనించింది ఏళ్ళ తరువాత. అద్దం దాపరికం కాదు.

సరే, వ్యాసాల సంగతి. అదృష్టవశాత్తూ ఆ పెద్దాయన సూచిక పుటలో వ్యాసాల పేర్లను ఆర్టీయస్ పద్ధతిలో రోమను లిపిలో కూడా ఇచ్చారు. పదకొండు శీర్షికలు ఆ పక్కన, అవే శీర్షికలు ఈ పక్కన. వాటిని జతపరిస్తే ముప్పైకి పైగా గుర్తులు తేలాయి. తరువాత 'కాబట్టి', 'అంటారు', 'రైతులు' వంటి మాటికీ వచ్చే మాటలతో మరికొన్ని. సాయంత్రానికొక గంట చొప్పున ఆరు వారాలు పట్టింది. మూల దస్త్రాలను ముట్టుకోలేదు, అవి అలాగే ఉన్నాయి. నేను మార్చినవి వేరే సంచయంలో, ఏ గుర్తును ఏ అక్షరంగా చదివానో ఆ పట్టికతో సహా పెట్టాను. నేను తప్పు చదివి ఉంటే తరువాతివారు దిద్దుకోవడానికి అదొక్కటే ఆధారం.

ఇప్పుడు చదవడానికి పదకొండూ చదవవచ్చు, రెండు గుర్తులు తప్ప. అవి రెండూ ఒత్తులే అని నా నమ్మకం. మామూలు మాటలో వస్తే ఊహించి పూరించవచ్చు, నిఘంటువు ఉంది. కాని ఇవి వచ్చినవి ఆరేడు చోట్లే, అన్నీ నా దగ్గరున్న ఏ నిఘంటువులోనూ లేని మాటలలోనే. మోట తోలేటప్పటి అదిలింపు అందులో ఒకటి. ఆయన ఆ మాట కోసం ఏ ఊరు వెళ్ళి ఎవరిని అడిగారో వ్యాసంలో ఉంది, మాట మాత్రం లేదు. ఆవిడను అడిగితే, "చిన్నప్పుడు విన్నాను గాని సరిగా గుర్తులేదండీ" అన్నారు.

ఖతి పేరు దస్త్రంలో ఉంది. దాన్ని పంచినవారి జాడ దొరకలేదు. 2005 ప్రాంతంలో సీడీల మీద ఖతులు రాసి పెట్టుకున్నవారు మీలో ఎవరైనా ఉంటే, అవి ఇంకా చదవబడుతున్నాయో లేదో ఒకసారి చూడండి. చదవబడితే నాకు కబురు చేయండి, ఖతి పేరు పంపుతాను.