టీకాలు దేశాలు దాటాయి, ఇటుక బట్టీకి రాలేదు

2021లో కోవిడ్ టీకా మనకు కావాల్సి వచ్చింది. గుర్తుందా?

ఓటీపీ రెండు నిమిషాలు ఆలస్యమైతే ప్రభుత్వాన్ని తిట్టిపోశాం. స్లాటు కోసం అర్ధరాత్రి ఫోన్లు పట్టుకుని కూర్చున్నాం. సర్టిఫికెట్లో పేరు ఒక్క అక్షరం తప్పుపడితే ఊరుకున్నామా? 2022 జులై 17 నాటికి దేశంలో 200 కోట్ల డోసులు పూర్తయ్యాయి. కోవిన్ పోర్టల్లో లెక్క ఉంది. శభాష్ అనుకున్నాం.

మరి పసిబిడ్డల లెక్క?

2023లో మన దేశంలో 16 లక్షల మంది పిల్లలకు పెంటా టీకా మొదటి డోసు కూడా అందలేదని డబ్ల్యూహెచ్ఓ, యునిసెఫ్ అంచనా. మరుసటి ఏడాది 9 లక్షలకు తగ్గిందట. తగ్గింది కదా, ఇక పడుకుందామా?

పిల్లల టీకాల లెక్కకు యూవిన్ యాప్ వచ్చిందిగా అంటారు. వచ్చింది. 2023 జనవరిలో 65 జిల్లాల్లో ప్రయోగంగా మొదలైంది. బిడ్డ ఎక్కడ పుట్టినా, ఇంకెక్కడైనా టీకా వేయించుకోవచ్చు. మంచి ఆలోచన. కాదన్నదెవరు?

కానీ ఆ యాప్ నడిపే నర్సమ్మను ఎప్పుడైనా పలకరించారా?

పొద్దున రిజిస్టర్లో రాసి, మధ్యాహ్నం టాలీ షీటు నింపి, రాత్రి ఇంట్లో అందరికీ అన్నాలు పెట్టాక అవే పేర్లు ఒక యాప్‌లో, ఆపైన ఇంకో యాప్‌లో కొట్టే చాకిరీ, సిగ్నల్ కోసం గుట్టెక్కాల్సిన గూడేలు, సరిగ్గా టీకా రోజే మొరాయించే సర్వరు, చార్జింగ్ నిలవని ట్యాబు, సొంత డబ్బుతో వేయించుకునే రీచార్జి, బలంగీర్ నుంచి పెద్దపల్లి ఇటుక బట్టీకి వచ్చిన తల్లి దగ్గర కార్డు లేదని, ఆమె ఒడియా ఎవరికీ అర్థం కాలేదని వాయిదాపడిన సూది, పాలమూరు నుంచి పుణెకు పోయిన బిడ్డ పేరు ఇక్కడి డ్యూ లిస్టులో (టీకా పడాల్సిన పిల్లల జాబితాలో) మిగిలిపోయి అక్కడి లిస్టులో ఎక్కకపోవడం, తొమ్మిదో నెల ఎంఆర్ (తట్టు, రుబెల్లా) డోసు గుర్తుచేసే మెసేజీ గుంపు మేస్త్రీ ఫోన్లో పడి ఉండటం, కరెంటు పోయి టీకాల ఫ్రిజ్ వేడెక్కిందని టీకాల నిల్వను కనిపెట్టే ఈవిన్ వ్యవస్థ పంపిన హెచ్చరికను తెల్లారేదాకా ఎవరూ చూడకపోవడం, ఇంత జరుగుతున్నా పై ఆఫీసు డ్యాష్‌బోర్డు మీద పచ్చరంగు వెలుగుతూనే ఉండటం!

ఇది టెక్నాలజీ లోపమా? కాదు.

అడిగేవాడు లేకపోవడం.

మీ బిడ్డకు సూది వేయించాల్సిన రోజుకు ముందే ప్రైవేటు క్లినిక్ నుంచి మెసేజీ వస్తుంది. బట్టీలో బిడ్డకు గుర్తుచేసేవి ఆశా కార్యకర్త కాళ్లు మాత్రమే. ఆ కాళ్లకు మనం ఇస్తున్నదెంత?

వీధికో సాఫ్ట్‌వేర్ ఇంజినీరున్న నేల ఇది. జీనోమ్ వ్యాలీలో తయారైన టీకాలు ఖండాలు దాటాయి. పక్క జిల్లా బట్టీ అంత దూరమా?

2022 చివర్లో ముంబయి గోవండిలో తట్టు ప్రబలింది. పసిపిల్లలు చనిపోయారు. పొట్టచేతపట్టుకుని వచ్చినవాళ్ల బస్తీలవి. వందలో 95 మంది పిల్లలకు రెండు డోసులూ పడితే తప్ప తట్టు ఆగదని డాక్టర్లు ఏళ్లుగా చెబుతున్నారు. ఆ వార్త చదివారా? చదివి పేజీ తిప్పేశారా?

ఇంకో యాప్ అక్కర్లేదు. ఇంకో ప్రారంభోత్సవం అసలే వద్దు.

నర్సమ్మ ఒక్కసారి కొడితే సరిపోవాలి. యాప్ ఉంచుతారా, రిజిస్టరు తీసేయండి. సిగ్నల్ లేనిచోటా ఎంట్రీ పడాలి. ఫ్రిజ్ హెచ్చరిక వస్తే లేవాల్సిన మనిషి ఎవరో రాసిపెట్టి ఉండాలి. వలస వెళ్లిన బిడ్డ ఎటు వెళ్లాడో, అక్కడి పీహెచ్‌సీకి కబురు అందిందో లేదో చూడటం ఒకరి ఉద్యోగం కావాలి.

ఇవేమైనా గొంతెమ్మ కోరికలా?

టీకా రోజున మీ పీహెచ్‌సీకి వెళ్లండి. ఒక్కటే అడగండి. డ్యూ లిస్టులో ఉండీ రాని పిల్లలు ఎందరు, ఇప్పుడెక్కడున్నారు? నర్సమ్మ మీద అరవకండి. ఆమెకు దిక్కులేకుండా చేసినవాళ్లను నిలదీయండి. డీఎంహెచ్ఓను, ఎమ్మెల్యేను, ఓటడగడానికి వచ్చే ప్రతి ఒక్కరినీ.

అంత తీరిక లేదా? సరే. రేపు ఏ బట్టీలోనో ఒక బిడ్డ తట్టుతో పోతే అయ్యో పాపం అనకండి.

ఆ మాట అనే అర్హత మనకు లేదు.