పాయింట్లు సరే, అర్థం మాటేమిటి?

స్క్రాబుల్ ఆటగాళ్లు రెండు, మూడు అక్షరాల ఇంగ్లీషు పదాలను పట్టికలుగా బట్టీ పడతారు. అర్థం తెలియకపోయినా ఆట గెలవొచ్చు. న్యూజిలాండ్‌కు చెందిన నైజెల్ రిచర్డ్స్ ఫ్రెంచ్ మాట్లాడటం రాకుండానే 2015లో ఫ్రెంచ్ స్క్రాబుల్ ప్రపంచ టైటిల్ గెలుచుకున్నారు.

కానీ ఆ పట్టికల్లో బోలెడంత సైన్స్ ఉంది. ఉదాహరణకు ‘మో’. ఎం, హెచ్, ఓ కలిపితే ఆటలో 8 పాయింట్లు. విద్యుత్ నిరోధానికి ప్రమాణం ఓమ్. నిరోధానికి విలోమం వాహకత్వం. అందుకే ఓమ్ స్పెల్లింగ్‌ను తిరగేసి దాని ప్రమాణానికి పేరు పెట్టారు. 5 ఓమ్‌ల తీగ వాహకత్వం 0.2 మో. 1971లో ‘సీమెన్స్’ అధికారిక ప్రమాణమైనా, ఆటలో మో ఇంకా చెల్లుతోంది. రెండు ‘ఏ’లతో రాసే ‘ఆఆ’ హవాయి మాట; గరుకుగా, ముక్కలు ముక్కలుగా గడ్డకట్టే లావా అని అర్థం. ‘ఎర్గ్’ అంటే శక్తి ప్రమాణం. అదే స్పెల్లింగ్‌తో ఎడారిలోని విశాలమైన ఇసుక మేట కూడా.

పోటీలో బట్టీని తప్పుపట్టలేం. బడి పిల్లలకు ఈ ఆట నేర్పేటప్పుడు మాత్రం, పెట్టిన ప్రతి కొత్త పదానికీ నిఘంటువు తెరిపించాలి. మో ఎందుకు తిరగబడిందో తెలిసిన పిల్లకు ఓమ్ సూత్రం బట్టీ పట్టాల్సిన పని సగం తగ్గుతుంది.