లెక్కపెట్టినందుకే కోతా?

వికలాంగుల సంక్షేమ శాఖ, పాఠశాల విద్యాశాఖ పెద్దలకు,

ధర్పల్లి మండలం నుంచి ఒక తండ్రిని రాస్తున్నాను. మా పాపకు పదేళ్లు. మేధో వైకల్యం సర్టిఫికెట్ గడువు తీరిందంటే మొన్న మళ్లీ వైకల్య నిర్ధారణ శిబిరానికి తీసుకుపోయాను. చీకటితో బయలుదేరితే మధ్యాహ్నం దాటాక మా వంతు వచ్చింది. లోపల పట్టుమని పది నిమిషాలు. పేరు చెప్పింది, ఊరు చెప్పింది. బల్ల మీది నాణేలు లెక్కపెట్టమంటే ఒక్కొక్కటే వేలితో పక్కకు జరుపుతూ లెక్కపెట్టి, సరిగ్గా చెప్పానా అన్నట్టు నా వైపు చూసింది. నేను సంతోషంగా తలూపాను.

పోయినసారి వైకల్యం 50 శాతం అని రాసిన చోట ఈసారి 25 అని వచ్చింది.

కేంద్రం ఇచ్చిన శాతాల పట్టికలో 50 కింది మెట్టు 25. మధ్యలో ఏమీ లేదు. 40కి తగ్గితే 4,016 రూపాయల పింఛను రాదు. ఇదంతా మీకు తెలిసిందే.

ఆ నాణేల లెక్క మా పాపకు ఎట్లా వచ్చిందో తెలుసా? ప్రత్యేక అవసరాలున్న పిల్లల భవిత కేంద్రంలో మేడం నాలుగేళ్లు చేయి పట్టి నేర్పింది. ఇంట్లో మా అమ్మ బీడీలు చుడుతుంటే పక్కన కూర్చుని కట్టకు 25 చొప్పున లెక్కపెట్టి నేర్చుకుంది. కానీ ఇప్పటికీ ఒక్కతే రోడ్డు దాటలేదు. ఎవరైనా గట్టిగా అరిస్తే మంచం కింద దూరుతుంది. ఇవన్నీ మేడం రాసిచ్చిన కాగితాలు నా సంచిలోనే ఉన్నాయి. తీయమన్నవాళ్లు లేరు.

2016 వికలాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ బడులు ప్రతి వికలాంగ బిడ్డ ప్రగతిని గమనిస్తూ ఉండాలని చెప్పింది కదా? మరి గమనించినవాళ్లను ఎందుకు అడగరు? ఇకముందు ఏం నేర్పాలో ఆ సర్టిఫికెట్‌లో ఒక్క ముక్కైనా ఎందుకు ఉండదు? నేర్చుకున్నందుకు సాయం తగ్గుతుందంటే ఏ తల్లిదండ్రులు నేర్పిస్తారు? రేపు ఆరో తరగతిలో ఏ కాగితం చూపాలి?

తిరుగు బస్సులో పక్క సీటాయన మా మంచి కోరే అన్నాడు: "ఏం తెల్వనట్టు కూసోమని ముందే చెప్పాలె గదనే."

పాప విన్నది. అప్పటి నుంచి ఎవరు పేరడిగినా ముందు నా మొహం చూస్తున్నది. చెప్పమనాలా, వద్దనాలా? మీరే ఏదో ఒకటి చేయండి.

ఒక తండ్రి,
ధర్పల్లి మండలం, నిజామాబాద్ జిల్లా