జ్వరమొస్తే గుడికి రాకండి



క్యారల్స్ మొదలవడానికి ఇంక మూడు వారాలే ఉంది. ఆలోపే ఒక మాట చెప్పుకుందామని ఈ కాగితం అచ్చు వేయించాను. ఖర్చు నా పెన్షన్లోది. సంఘం డబ్బు ఇందులో పైసా లేదు, ట్రెజరర్ గారిని ఎవరూ నిలదీయక్కర్లేదు.

మొన్న ఆగస్టులో ఒక ఆదివారం సాక్ష్యాలప్పుడు ఒక అక్క లేచింది. "మూడు రోజుల్నించి నూట రెండు జ్వరం. అయినా దేవుని సన్నిధి మానలేదు" అంది. గుడంతా హల్లెలూయ అని చప్పట్లు కొట్టింది. అలవాటు కొద్దీ నేనూ కొట్టాను. మైకు ఆమె చేతిలోంచి పక్కావిడకి, ఆవిణ్ణించి వెనక చాప మీద కూర్చున్న పిల్లాడికి వెళ్ళింది. తిరిగి తిరిగి క్వయర్ దగ్గరికి వచ్చేసరికి దాని మీది ఎర్ర స్పాంజి చెమ్మగా ఉంది. ఆ చెమ్మ నా వేళ్ళకి తగిలింది. తరవాతి ఆదివారం పదకొండుమంది ఉండాల్సిన క్వయర్లో నలుగురమే నిలబడ్డాం. అందరికీ ఆ అక్క వల్లే వచ్చిందని నేను అనను. ఆ వారం ఊళ్ళో ఇంటికొక జ్వరం ఉంది. నా తగువు ఆ అక్కతో కాదు, మనం కొట్టిన చప్పట్లతో.

ముప్పై నాలుగేళ్ళు స్టాఫ్ నర్సుగా చేసినదాన్ని. జ్వరంతో డ్యూటీకి వస్తే మా హెడ్ సిస్టర్ చీవాట్లు పెట్టి ఇంటికి పంపేది. అదే జ్వరంతో గుడికొస్తే మనం విశ్వాసమంటాం. వార్డులో తప్పయింది గుళ్ళో గొప్పెలా అవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

రాకపోతే ఏమనుకుంటారోనన్న భయం కూడా ఉంది మనవాళ్ళకి. రెండు ఆదివారాలు కనబడకపోతే "ఏమ్మా, చల్లారిపోయావా?" అని అడుగుతాం. అందుకని డోలో ఒకటి వేసుకుని, పసుపు పాలు తాగి, చెమట పట్టాక స్నానం చేసి వచ్చేస్తారు. మాత్రతో జ్వరం దిగుతుందిగానీ రోగం ఎక్కడికీ పోదు, అంటించే గుణం అలాగే ఉంటుంది. ఫ్లూ అయితే ఒళ్ళు వెచ్చబడటానికి ఒక రోజు ముందు నుంచే ఎదుటివాళ్ళకి అంటుతుంది, ఆ తరవాత అయిదారు రోజులు అంటుతూనే ఉంటుంది.

2020 మార్చిలో అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో ఒక పల్లె చర్చిలో ఏం జరిగిందో అక్కడి ఆరోగ్యశాఖ వాళ్ళు లెక్కగట్టి రాశారు. ఆ నెల 6 నుంచి 11 దాకా కూడికలకి వెళ్ళిన 92 మందిలో 35 మందికి కోవిడ్ తేలింది. ముగ్గురు పోయారు. వాళ్ళ నుంచి ఊళ్ళో ఇంకో 26 మందికి పాకింది, అందులో ఒకరు పోయారు. మొదట పడకేసినవాళ్ళలో పాస్టరు గారు, ఆయన భార్య ఉన్నారు. సంగతి తెలియగానే ఆయనే చర్చి మూయించాడు. ఆయన చెడ్డవాడేం కాదు. మన అయ్యగారి లాగే చేతులు పట్టుకుని ప్రార్థన చేసే మనిషి అయి ఉంటాడు.

అదే నెల 10న వాషింగ్టన్ రాష్ట్రం మౌంట్ వెర్నన్‌లో ఒక పాటల బృందం చర్చి హాల్లో ప్రాక్టీసుకి కూడింది. వచ్చింది 61 మంది. ఒకరికి జలుబు లాంటిది ఉంది. తలుపు దగ్గర శానిటైజర్ పెట్టారు, కరచాలనాలు, కౌగిలింతలు మానుకున్నారు. రెండున్నర గంటలు పాడి ఇళ్ళకి వెళ్ళారు. 53 మంది జబ్బుపడ్డారు, ఇద్దరు చనిపోయారు. చేతులు కడుక్కున్నారుగానీ గాలిని ఏం చేస్తారు? గొంతెత్తి పాడేటప్పుడు మామూలు మాటకంటే ఎన్నో రెట్లు తుంపరలు వస్తాయి. కంటికి కనబడనంత సన్నవి కిందపడకుండా గదిలోనే తేలుతుంటాయి. తట్టు పురుగైతే మనిషి వెళ్ళిపోయాక కూడా రెండు గంటల దాకా ఆ గాలిలో బతికి ఉంటుంది. మొదటి ఆరాధన ముగిసి రెండో ఆరాధన మొదలవడానికి మన గుళ్ళో పట్టేది అరగంట.

ఇక మన గుడి సంగతి. ఏసీలు పెట్టించినప్పుడు చల్లదనం పోకుండా ఉత్తరం వైపు కిటికీలు ఆరూ మేకులతో బిగించేశాం. మేకులు ఊడుతున్నాయని తరవాత స్క్రూలు వేశాం. దక్షిణం వైపు రెండు తెరుచుకుంటాయిగానీ వాటికి క్రిస్మస్ తెరలు అడ్డం. ఫ్యాన్లున్నాయి కదా అంటారు. ఫ్యాను ఉన్న గాలినే గిరగిరా తిప్పుతుంది తప్ప బయటిది లోపలికి తేదు, లోపలిది బయటికి పంపదు. రోగాల రోజుల్లో ఏసీలు ఆపి, రెండు వైపులా కిటికీలు తీసి, బలిపీఠం వెనక ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టిస్తే చాలు. పండగకి కట్టే ఫ్లెక్సీ ఖర్చులో ఆ పని అయిపోతుంది. రోగాలు మరీ ఉద్ధృతంగా ఉంటే ఆవరణలో వేపచెట్టు కింద కూర్చుందాం. ఈ గుడి కట్టకముందు మన తాతలు చెట్టు కిందేగా పాడుకున్నది!

"ప్రార్థన చేసే చోట రోగం ఎలా వస్తుందమ్మా" అని ఒక పెద్దాయన నన్నడిగారు. ఆయనంటే నాకు చాలా గౌరవం. అందుకే బైబిల్లోంచే జవాబు చెప్పాను. లేవీయకాండం పదమూడో అధ్యాయం తీయండి. ఒంటి మీద మచ్చ కనబడితే యాజకుడు చూస్తాడు. ఏడు రోజులు విడిగా ఉంచుతాడు, మళ్ళీ చూస్తాడు, అనుమానం తీరకపోతే మరో ఏడు రోజులు. ఆ తరవాతి అధ్యాయంలో బాగుపడ్డ మనిషిని చూడటానికి యాజకుడే పాళెం దాటి వెళ్తాడు. యాకోబు పత్రికలోనూ అంతే. రోగి మంచం మీద ఉండి కబురు పెడితే పెద్దలు నూనె పట్టుకుని ఇంటికి వెళ్ళాలి. రోగే లేచి గుడికి నడిచి రావాలని అందులో లేదు. మనం దాన్ని తిరగేసుకున్నాం.

మనం లూథరన్లం కాబట్టి లూథరు గారి సంగతీ చెప్పుకోవాలి. 1527లో విట్టెన్‌బర్గులోకి ప్లేగు వచ్చింది. యూనివర్సిటీని జేనాకి తరలించారు. ఆయన్నీ వెళ్ళిపొమ్మన్నారుగానీ ఆయన కదల్లేదు. భార్య గర్భవతి. అయినా ఇంట్లోనే రోగులకి చోటిచ్చి సేవ చేశారు. ప్లేగొస్తే పారిపోవచ్చా అని బ్రెస్లావు పాస్టర్లు అడిగితే ఆ ఏడాదే ఒక పెద్ద ఉత్తరం రాశారాయన. బాధ్యత ఉన్నవాళ్ళు, అంటే పాస్టర్లూ అధికారులూ, నిలబడాలన్నారు. మనకి ఇష్టమైన ముక్క ఇదే, మీటింగుల్లో చెప్పుకుంటాం. చెప్పుకోని ముక్క ఇంకోటి ఉంది. మందులు మానేసి, జాగ్రత్త లేకుండా తిరిగి, దాన్నే విశ్వాసమనుకునేవాళ్ళని అదే ఉత్తరంలో గట్టిగా మందలించారు. తను ఇంటికి పొగ వేస్తాననీ, మందు పుచ్చుకుంటాననీ, తన అవసరం లేని చోటికి పోననీ రాశారు. అయిదొందల ఏళ్ళ కిందట పురుగు సంగతి ఎవరికీ తెలియని రోజుల్లో ఆయనకి ఆ ఇంగితం ఉంది.

రోగాల రోజుల్లో ప్రభువు బల్ల సంస్కారం ఆపితే ఎలా అన్నది మీలో చాలామంది బెంగ. ఒంగోలు బాప్టిస్టు చుట్టాలున్నవాళ్ళకి మిషనరీ క్లౌ దొరగారి కథ తెలిసే ఉంటుంది. 1876 నుంచి 78 దాకా వచ్చిన కరవులో ఆయన బకింగ్‌హామ్ కాలవ పని కాంట్రాక్టుకి తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. వాళ్ళు బాప్తిస్మం ఇమ్మని అడుగుతుంటే ఏడాదికి పైగా ఆపేశాడు. కూటి కోసం చేరారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. ఆయన కారణం వేరు, మన కారణం వేరు, ఒప్పుకుంటాను. కానీ ఆపినందువల్ల పోయిందేమిటి? 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా దిగి ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. ఏడాది ఆగినవాళ్ళ విశ్వాసం ఎండిపోలేదు. మొదటి ఆదివారం బల్ల రెండు నెలలు ఆగితే మనదీ ఎండిపోదు.

నిజానికి బల్ల దగ్గర అందరం తాగే ఒకే పాత్ర గురించి మనం పడే భయం కొంచెం ఎక్కువే. పరిశీలించినవాళ్ళు దానివల్ల రోగం అంటే అపాయం తక్కువేనన్నారు. పాత్ర మీద గంటసేపు వాదించుకుని, మూసిన కిటికీల మధ్య మూడు గంటలు కూర్చోవడం మనకి అలవాటైంది. అయినా రోగాల రోజుల్లో చిన్న కప్పులు వాడదాం. ఈ కప్పులు 1890ల్లోనే అమెరికాలో క్షయ భయం కొద్దీ మొదలయ్యాయి, కొత్త వింతేం కాదు. నాకు పాత్రకంటే భయం వెనక గుమ్మం దగ్గరి వాటర్ క్యాను. దానికి గొలుసుతో కట్టిన స్టీలు గ్లాసు ఒక్కటే. రెండొందల మంది మూతి పెట్టి తాగుతారు. గొలుసు పొట్టి కాబట్టి కడగడానికి కుళాయి దాకా రాదు. ఎత్తి పోసుకోమని పిల్లలకి చెప్పి చెప్పి అలిసిపోయాను. ప్రేమవిందు రోజున వడ్డించే చేతులు సబ్బుతోనే కడగాలి. వాంతులు విరేచనాల పురుగుల్లో కొన్నిటికి శానిటైజర్ సరిగా పనిచేయదు. కడుపులో బాగోలేనివాళ్ళు ఆ రోజు గరిటె పట్టుకోవద్దు.

పిల్లల సంగతి. 2023 వానాకాలంలో కళ్ళకలక వచ్చినప్పుడు సండేస్కూల్లో సగంమంది నల్ల కళ్ళద్దాలతో వచ్చారు. బల్ల మీది ఒకే తువ్వాలుతో ముఖాలు తుడుచుకుంటుంటే టీచర్లు ఫోటో తీసి గ్రూపులో పెట్టారు, ముద్దుగా ఉన్నారని. తట్టు, ఆటలమ్మ, గవదబిళ్ళలు (అమ్మవారు పోసిందని మనం అనం గానీ పిల్లని బయటికి పంపకపోవడంలో ఆ పాత పద్ధతే నయం) ఏది వచ్చినా సండేస్కూలు మాన్పించండి. హాజరు బహుమతి కోసం లాక్కురాకండి. అసలు ఆ బహుమతే తీసేద్దామని నా ప్రతిపాదన. తట్టు టీకా తొమ్మిది నెలలు నిండగానే ఒకటి, పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య ఇంకొకటి, సర్కారు దవాఖానాలో ఉచితం. కార్డులు తెస్తే నేను చూసి పెడతాను.

ఇప్పుడు ఎవరూ పైకి అనని మాట. గుడి మూస్తే కానుక సంచి ఖాళీ. అయ్యగారి జీతం, కరెంటు బిల్లు దాని మీదే నడుస్తాయి. 2020లో లాక్‌డౌన్ పెట్టి, ఏప్రిల్ 12న ఈస్టర్‌కి కూడా తలుపులు తెరవని నెలల్లో అయ్యగారింట్లో ఏం వండుకున్నారో మనలో ఎవరం అడగలేదు. అమ్మగారు చెప్పలేదు. ఇంట్లో పిల్లలున్న పాస్టరు గుడి మూద్దామని తనంతట తాను ఎలా అనగలడు? అందుకే ముందు డబ్బు సంగతి తేల్చాలి. నెల కానుకలో పదో వంతు విడిగా బ్యాంకులో వేసి, మూడు నెలల జీతానికి సరిపడా పోగయ్యేదాకా ముట్టుకోకూడదు. ఫోన్‌పేలో కానుక వేసేవాళ్ళు వేస్తారు, వేయలేనివాళ్ళని ఏమీ అనకూడదు.

కూలికి పోయేవాళ్ళ గతేమిటి? జబ్బు తగ్గేదాకా ఇంట్లో కూర్చోమని నేను కాగితం మీద రాయడం తేలిక. పొయ్యి ఎలా వెలుగుతుంది? మన స్త్రీల సమాజం పూర్వం గుప్పెడు బియ్యం ఎత్తేది. అన్నం వండే ప్రతిసారీ ఒక గుప్పెడు పక్కన కుండలో వేసి ఆదివారం తెచ్చేవాళ్ళం. మా అమ్మ కుండ ఇంకా మా ఇంట్లో ఉంది. ఆ పద్ధతి మళ్ళీ మొదలుపెడదాం. జబ్బుపడ్డ ఇంటి గుమ్మంలో బియ్యం, పప్పు, నాలుగు కూరగాయలు పెట్టి, గేటు బయట నిలబడి ఒక పాట పాడి రావచ్చు. ఈసారి క్యారల్స్ కూడా ఇళ్ళల్లోకి దూరకుండా వాకిట్లో పాడితే ముసలివాళ్ళు కిటికీలోంచి వింటారు.

1883లో మన లూథరన్ మిషన్ డాక్టర్ అన్నా కుగ్లర్ గారు గుంటూరు వచ్చిన దగ్గర్నుంచీ మన ఇళ్ళల్లో నర్సులకి కొదవలేదు. నేను లెక్కపెట్టాను. రిటైరైనవాళ్ళతో కలిపి ఈ సంఘంలోనే పద్నాలుగుమందిమి ఉన్నాం. పూలు సర్దడానికి మమ్మల్ని పిలుస్తారుగానీ, ఊళ్ళో జ్వరాలున్నప్పుడు కూడిక పెట్టాలా వద్దా అని ఒక్కసారీ అడగలేదు. ఇక మీదట ఆ సంగతి అయ్యగారు, ఒక పెద్ద, ఒక నర్సు, ముగ్గురూ కలిసి శనివారం సాయంత్రం ఆరులోపు తేల్చాలి. కూడిక లోపలా, చెట్టు కిందా, ఫోన్లోనా అన్నది గ్రూపులో చెప్పాలి. ఫోన్లు లేని ఇళ్ళకి యూత్ పిల్లలు వెళ్ళి చెప్పాలి. అయ్యగారికే జ్వరమైతే ఆ ఆదివారం వాక్యం ఎవరు చెప్పాలో ముందే పేరు రాసి పెట్టుకోవాలి. మాత్ర వేసుకోకుండా ఒక రోజంతా జ్వరం రాకపోతేనే, దగ్గు తగ్గితేనే ఎవరైనా గుడి మెట్లెక్కాలి. ఆ తరవాత కూడా కొన్నాళ్ళు మాస్కు పెట్టుకోవాలి. రానివాళ్ళ పేర్లు చదివి ప్రార్థన చేద్దాంగానీ, ఏం జబ్బో మైకులో చెప్పొద్దు.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక సంఘం మీటింగు ఉంది. ఎజెండాలో పెయింటింగు, పందిరి, స్టార్ లైట్లు ఉన్నాయి. ఈ సంగతి కూడా చేర్చమని సెక్రటరీ గారికి కాగితం ఇచ్చాను. దయచేసి అన్నాలకి వెళ్ళిపోకుండా ఉండండి, చేతులెత్తండి. ఒప్పుకోనివాళ్ళు లేచి మాట్లాడండి, వింటాను. ఆ అక్క కూడా వస్తానంది. తీర్మానం అవుతుందో లేదోగానీ, కిటికీ స్క్రూల కోసం స్క్రూడ్రైవర్ నేను తెస్తున్నాను. నిచ్చెన ఎవరైనా తేవాలి.

మీ సహోదరి,
క్వయర్లో రెండో వరస