గుమ్మమున వ్రేలాడవలసిన లెక్క

విత్తనపు సంచికి కట్టిన చీటిలో మొలకశాతము వ్రాసియుండును. ఆ చీటిని మన్నింపవలసినదే గాని, రైతునకు తుది ప్రమాణము కళ్లమున తూచిన ధాన్యమే. ప్రభుత్వభవనముల విద్యుద్వ్యయమును దెలుపు పత్రముల విషయమునను ఈ న్యాయమునే పాటింపవలెనని మా యభిప్రాయము.

ఇంగ్లండు, వేల్సు దేశములలో ప్రజలు తరచుగా వచ్చిపోవు ప్రభుత్వభవనములయందు ఒక పత్రమును ఎల్లరకు గనబడునట్లు ఉంచవలెనను నిబంధన 2008 అక్టోబరు నుండి అమలులో నున్నది. మొదట 1,000 చదరపు మీటర్లు మించిన భవనములకే యున్న యీ నియమము, 2015 జులై నుండి 250 చదరపు మీటర్లు మించినవానికిని వర్తించుచున్నది. కట్టడము ఎంత బాగుగా గట్టబడినదను మాట గాక, అందు నిజముగా ఎంత విద్యుత్తు, ఎంత యింధనము ఖర్చయినదో ఆ పత్రము చెప్పును. ఆ తరహా భవనమునకు సామాన్యమైన ఖర్చును 100గా నెంచి, దానితో బోల్చి, ఏ మొదలు జీ వరకు గల యేడు తరగతులలో నొకదాని నిత్తురు.

మన దేశమున బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ అను సంస్థ 2009లో కార్యాలయభవనములకు నక్షత్రపు గుర్తుల నీయ నారంభించినది. చదరపు మీటరునకు ఏడాదికి ఖర్చయిన యూనిట్లనుబట్టి ఒకటి మొదలు అయిదు నక్షత్రముల నిత్తురు. పద్ధతి మంచిదే, గాని అది కోరినవారికే, అందును 100 కిలోవాట్లు, అంతకు మించిన లోడు గల భవనములకే. మన పంచాయతీ కార్యాలయము, బడి, సంఘపు గిడ్డంగి ఆ లెక్కకు రావు.

"ఇది పట్టణపు గొడవ, మనకేల?" అని కొంద రందురు. సంఘపు కరెంటు బిల్లు చెల్లించునది సభ్యుల సొమ్ము కాదా? "పత్రము వ్రేలాడినంతనే ఖర్చు తగ్గునా?" అని మరికొంద రందురు. తగ్గదు. తూచినంతమాత్రమున పంటయు పెరుగదు. కాని తూకము లేనిచో ఏ చేను వెనుకబడినదో తెలియదు.

కావున చట్టమునకై కనిపెట్టుకొని యుండ నక్కరలేదు. ప్రతి సంఘమును పండ్రెండు నెలల యూనిట్లను కూడి, భవనపు చదరపు మీటర్లచే భాగించి, ఆ యంకెను నిరుటి యంకె ప్రక్కన గుమ్మముకడ నల్లబల్లపై వ్రాయవలెను. 150 చదరపు మీటర్ల భవనమున 3,000 యూనిట్లు ఖర్చయినచో 20 వచ్చును. మరుసటి యేడు అది 26 అయినచో, పని హెచ్చినందుననా, రాత్రియంతయు దీపములు వెలిగినందుననా యని సర్వసభ్య సమావేశమున అడుగుట సభ్యుని హక్కు. గిడ్డంగిని బడితో బోల్చుట న్యాయము కాదు. ఏ భవనమునకు దాని నిరుటి లెక్కయే గీటురాయి.

జమాఖర్చులు చదివి వినిపించు సంఘము ఈ యొక్క యంకెను మాత్రము మీటరు పెట్టెలో దాచనేల?